సత్యవాణి మాట్లాడిన నాలుగు నిమిషాలు

జూలై 22

ఊటలంక చేరాను. కాజ్‌వే మీదికి నీళ్లింకా ఎక్కలేదు గాని రెండు పక్కలా గోదావరి ఎర్రగా ఉరుకుతోంది. లోవరాజు బండి మీద వెనక కూర్చుని, ప్రొజెక్టర్‌కి యూరియా బస్తా తొడిగి, తడవకుండా తెచ్చాను. నేను మాత్రం ముద్దయ్యాను.

రేపు తుఫాను షెల్టర్ మేడ మీద ఈ ఊరివాళ్లతోనే తీసిన నా సినిమా ఊరందరికీ వేస్తాను. ఎల్లుండి అమలాపురం, ఇంటికి వెళ్లిపోతాను. నెలాఖరులోగా ఫెస్టివల్‌కి ఆఖరి కాపీ పంపాలి. ఊరు చూసి సరేనన్నాకే సినిమా బయటికి వెళ్తుందని మొదటి రోజున ఈ మేడ మీదే మాటిచ్చాను. ఊరికి నచ్చని ముక్క ఉండదనీ అన్నాను. అప్పుడు ఆ మాట చాలా తేలిగ్గా వచ్చింది.

లోవరాజు అమ్మ పెద్దింట్లమ్మ గారింట్లోనే మకాం. నేను రావడం చూసి పొయ్యి మీద నీళ్లు పెట్టింది. "ముందు తల తుడుచుకోండమ్మా, తర్వాత సినిమా సంగతి" అంది. ఆవిడకి ఆయాసం ఎక్కువైనట్టుంది. లోవరాజు భార్య సత్యవాణి, నా సినిమాలో ముఖ్యపాత్ర, చేపలమ్మడానికి వెళ్లి ఇంకా రాలేదు.

సత్యవాణి వచ్చాక అడగాలి, రేపు తెర ముందు ఎక్కడ కూర్చుంటావని.

జూలై 23

ఏం జరిగిందో వరసగా రాసుకోవాలి. లేకపోతే నాకు అనుకూలంగా గుర్తుపెట్టుకుంటాను.

ఊరంతా వచ్చింది. గోడకి తెల్ల దుప్పటి కట్టాం. మొదటి గంట పండగే. తెర మీద ఎవరు కనిపించినా కేకలు, ఈలలు. తమ మాట తమకే తెర మీంచి వినపడుతుంటే కొందరు ముసలివాళ్లు నోరు మూసుకుని నవ్వారు. హైదరాబాద్‌లో ఎడిటింగ్ గదుల్లో పదేళ్లున్నాను. అక్కడి సినిమాల్లో మా గోదావరి మాట వచ్చిందంటే అది నవ్వించడానికే అయి ఉండేది. కన్నీళ్లొచ్చే చోట అందరూ పుస్తకంలా మాట్లాడేవాళ్లు. ఇక్కడ ఏడ్చేవాళ్లూ, తగువాడేవాళ్లూ, అన్నం వడ్డించేవాళ్లూ అందరూ ఇలాగే మాట్లాడతారు. దీనికోసమే అక్కడ మానేసి వచ్చాను. ఆ గంటసేపూ నా అంత అదృష్టవంతురాలు లేదనిపించింది.

తర్వాత ఆ సీను వచ్చింది.

సినిమా కథలో సత్యవాణి వేసిన మనిషికి మొగుడు పోతాడు. పడవ అమ్మెయ్యమని అందరూ అన్నా అమ్మకుండా తనే వల వేస్తుంది. ఆ సీన్లో పడవలో కూర్చుని గోదారిని రెండు మాటలు తిట్టాలి, అంతే. తీసిన రోజు ఆమె రెండు మాటల దగ్గర ఆగలేదు. నేను కట్ చెప్పలేదు. కథలో మొగుడి సంగతి వదిలేసింది. మూడేళ్ల కిందటి వరదలో పోయిన తన పాప గురించి మాట్లాడింది. పాపకి ఫిట్స్ రావడం, ఊళ్లో ఉన్నది ఒక్కటే ఇంజిన్ పడవ కావడం, అది ఆ సమయంలో గేదెల్ని గట్టుకి చేరుస్తూ ఉండటం. నాలుగు నిమిషాలు. ఎవరి పేరూ చెప్పలేదు. మిగతా సినిమా అంతా ఒక ఎత్తు, ఆ నాలుగు నిమిషాలు ఒక ఎత్తు. ముందు లింకులో పంపిన కచ్చా కాపీ చూసి ఫెస్టివల్ వాళ్లు కూడా అదే రాశారు.

ఈలలు ఆగిపోయాయి. సగంలో సత్యవాణి లేచి మెట్లు దిగిపోయింది. లోవరాజు వెనకాలే వెళ్లాడు. సినిమా అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పిల్లల్ని లేపుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లారు.

తీసిన రోజు సత్యవాణి "బాగా వచ్చిందా అండి?" అని అడిగింది. నాకు బాగా గుర్తు. అంటే ఇష్టపడే చెప్పింది కదా.

జూలై 24

కాజ్‌వే మునిగింది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారట. బస్సు లేదు, ఆటో లేదు. పడవ తప్ప దారి లేదు.

ఊళ్లో ఉన్న ఆ ఒక్క ఇంజిన్ పడవ వీరన్న గారిది. అసలు పేరు వీరవెంకటసత్యనారాయణ. ఊరికి పెద్ద. షూటింగ్ రోజుల్లో కెమెరా కోసం అడిగినప్పుడల్లా పడవ ఇచ్చాడు. ఈ రోజు పొద్దున్నే వచ్చి పెద్దింట్లమ్మ గారి అరుగు మీద కూర్చున్నాడు. తువ్వాలు భుజమ్మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆ ముక్క తీసెయ్యండమ్మా."

"మీ పేరు లేదు కదండీ అందులో."

"పేరు లేదండి. ఊళ్లో ఇంజిన్ పడవ కూడా ఒకటే ఉందండి." తువ్వాలు విప్పి మళ్లీ మడిచాడు. "గేదెల్ని దింపి వచ్చేద్దామనుకున్నాను. లోవరాజు గట్టు మీంచి కేకలేశాడంట. ఇంజిన్ మోతలో నాకు వినపడలేదండి. వినపడలేదని ఎవరికని చెప్పుకోను? చెప్తే నమ్మాలి కదండీ."

నేను నమ్మానో లేదో నాకే తెలియదు. "అవి సత్యవాణి మాటలండి. నేను తీసెయ్యలేను. అది ఆమెకి అన్యాయం" అన్నాను.

"ఊరు వద్దంటే తీసేత్తానని మీరే అన్నారు."

అవును, నేనే అన్నాను.

ఆయన వెళ్లాక ఆలోచించాను. ఇచ్చిన మాట ఊరికి. కాని సత్యవాణి కూడా ఊరే. ఊరంతా ఒకవైపు, ఆమె ఒక్కతే ఒకవైపు అయితే నేను ఆమె వైపే ఉండాలి. ఇది నా సినిమా కోసం కాదు, సత్యవాణి కోసం. అది స్పష్టంగా ఉంది నాకు.

ఆమెని మాత్రం ఇంకా అడగలేదు. వంటింట్లో ఉంది. అడుగుతాను.

జూలై 25

నీళ్లు వీధిలోకి వచ్చాయి. సత్యవాణి నాతో మాట్లాడటం లేదు. నేనూ పలకరించలేదు.

జూలై 26

అందరూ షెల్టర్ మేడ మీదికి చేరారు. కింద గదుల్లో మోకాలి లోతు నీళ్లు. పైన బియ్యం బస్తాలు, కోళ్లు, వలలు, టీవీలు, మనుషులు. కరెంటు లేదు. ఫోనుకి సిగ్నల్ లేదు. లాప్‌టాప్ సంచి, రెండు హార్డ్ డిస్కులు ఒళ్లో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఏ వైపు చూసినా నీళ్లే. ఏ వైపు తిరిగినా నాకేసి చూసి చూపు తిప్పుకునే మనిషే. రెండేళ్లు వీళ్ల ఇళ్లలో తిన్నాను. ఇప్పుడు అన్నం పొట్లం ఇచ్చే అమ్మాయి కూడా నా చేతికివ్వకుండా పక్కన పెట్టి వెళ్లింది.

మధ్యాహ్నం పెద్దింట్లమ్మ గారికి ఊపిరాడలేదు. పెదాలు నల్లబడ్డాయి. లోవరాజు లేచేలోపే వీరన్న గారు మెట్ల మీదున్నాడు. ఎవరూ పిలవలేదు. పడవ మెట్లకి ఆనించి, లోవరాజు, సత్యవాణి ఆవిణ్ణి దించేదాకా తాడు పట్టుకుని నీళ్లలో నిలబడ్డాడు. సత్యవాణి కూడా ఎక్కింది. ఆయన ఇంజిన్ దగ్గర కూర్చుంటే, అత్తగారి తల ఒళ్లో పెట్టుకుని ఆయనకి ఎదురుగానే కూర్చుంది. ఇంకెక్కడా చోటు లేదు.

"మీరూ రండి, అవతల దింపేత్తాను" అని వీరన్న గారు నన్ను కేకేశాడు.

వెళ్లలేదు. ప్రొజెక్టర్ ఒక్కదాన్నీ ఇక్కడ వదిలేసి ఎలా వెళ్తాను?

జూలై 27

నాలుగు రోజులుగా చిక్కుకుపోయాను చిక్కుకుపోయాను అని లోపల ఒకటే గొణుక్కుంటున్నాను. నిన్న పడవ ఎక్కమంటే ఎక్కలేదు. ప్రొజెక్టర్ కోసం కాదు. సత్యవాణితో అవునని అనిపించుకోకుండా వెళ్తే ఆ నాలుగు నిమిషాలు నావి కావు. అందుకని ఉండిపోయాను.

సత్యవాణి తిరిగొచ్చింది. పెద్దింట్లమ్మ గారికి ఆక్సిజన్ పెట్టారట, గండం గడిచింది. లోవరాజు ఆస్పత్రిలో ఉన్నాడు. వెళ్లేటప్పుడుగాని, వచ్చేటప్పుడుగాని వీరన్న గారూ ఆమే ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదని పడవలో ఉన్న కుర్రాళ్లు చెప్పారు.

జూలై 28

వాన తెరిపిచ్చింది. సత్యవాణి మెట్ల మీద కూర్చుని తడిసిన వల చిక్కు తీస్తుంటే వెళ్లి ఒక మెట్టు పైన కూర్చున్నాను. అడిగాను చివరికి. చాలా తయారై వెళ్లాను. నీ గొంతు ఎవరూ నొక్కకూడదు, నీ తరపున నేను నిలబడతాను, ఊరంతా వద్దన్నా తియ్యను అని.

ఆమె వల వదల్లేదు.

"తీసెయ్యండి" అంది.

"వీరన్న గారు ఏమన్నా అన్నారా?"

"ఆయనేం అనలేదండి. ఆయన సంగతి నాకొదిలెయ్యండి. నేను ఆయన్ని ఏమన్నా అనాలంటే ఆయన మొహం మీదే అంటాను, తెరలెందుకు?"

"మరెందుకు సత్యా? ఎంత బాగా చెప్పావో నీకు తెలీదు. చూసినవాళ్లు..."

"అదేనండి." తలెత్తింది. "చూసినవాళ్లు నన్ను చూడరండి ఇంక. ఆ రోజునే చూత్తారు. నేను పొద్దున్నే తట్ట నెత్తినెట్టుకుని వెళ్తాను, బేరాలాడతాను, తిడతాను, నవ్వుతాను. మూడేళ్లు పట్టిందండి నాకు నవ్వడానికి. మీ సినిమాలో నేనెప్పుడూ ఆ రోజులోనే ఉంటాను. ఎవరు ఎప్పుడు వేసుకున్నా మా సారిక మళ్లీ పోతుంది. మొన్న తెర మీద చూశాక తెలిసిందండి."

పాప పేరు సారిక అని నాకు ఇన్నాళ్లూ తెలియదు. అడగలేదు.

"మరి ఆ రోజు ఎందుకు చెప్పావు?"

"గోదారికి చెప్పుకున్నానండి. మీరు పక్కనున్నారు."

వీరన్న గారి పడవ బ్యాటరీతో లాప్‌టాప్ ఛార్జ్ చేసుకున్నాను. ఆమె పక్కన కూర్చుని చూస్తుండగా ఆ షాట్ తీసేశాను. రెండు డిస్కుల్లోనూ.

"ఇంకెక్కడా లేదు కదండీ?"

"లేదు" అన్నాను.

జూలై 29

రాజమండ్రిలో భాస్కర్ దగ్గర ఒక కాపీ ఉంది. సినిమాకి సౌండ్ చేస్తున్నప్పుడు అతను మొత్తం కాపీ చేసుకున్నాడు. ఆమె అడిగినప్పుడు గుర్తు లేదు.

గుర్తు ఉంది.

అయినా అతని దగ్గరున్నది నా దగ్గరున్నట్టు కాదు.

జూలై 31

నీళ్లు తీశాయి. పొద్దున్న పడవ మీద ఇవతలికొచ్చి, అమలాపురం ఆస్పత్రికి వెళ్లి పెద్దింట్లమ్మ గారిని చూసి, ఇంటికొచ్చాను. ఆవిడ లేచి కూర్చుని గంజి తాగుతోంది. "మా కోడలితో మాటలు కలిశాయా?" అని అడిగింది. కలిశాయన్నాను.

సిగ్నల్ రాగానే ఫోను మోగుతూనే ఉంది. వరద వార్తలు చూసి ఫెస్టివల్ వాళ్లు నాకు మరో రెండు వారాలు గడువిచ్చారు. నేను అడగలేదు, వాళ్లే ఇచ్చారు. భాస్కర్ కూడా చేశాడు. అంతా విని, "నా దగ్గరుందిగా, భయమెందుకు? నువ్వు ఊఁ అను, ఇక్కణ్ణుంచే పంపేస్తాను. ఆ ఊళ్లో ఆ ఫెస్టివల్ ఎవరు చూస్తారు?" అన్నాడు.

ఊఁ అనలేదు. వద్దనీ అనలేదు. రేపు చేస్తానన్నాను.

ఆగస్టు 1

ఫోన్ చెయ్యలేదు.

ఆగస్టు 2

చెయ్యలేదు. ఒళ్లు వెచ్చగా ఉంది. గది తలుపేసుకుని పడుకున్నాను. ఆమె కోసం తీసేశాను కదా. ఊళ్లో ఎప్పటికీ కనిపించదు కదా. ఎక్కడో ఎవరో తెలియని వాళ్లు చూస్తే ఆమెకేం నష్టం? అమ్మ తలుపు కొట్టి, "లంకలో ఇరుక్కున్నన్నాళ్లూ బాగానే ఉన్నావు, ఇంటికొచ్చి ఇలా అయిపోయావేంటే?" అంది.

ఆగస్టు 3

రేపు తప్పకుండా.

ఆగస్టు 5

నిన్న రాయలేకపోయాను.

పెద్దింట్లమ్మ గారిని డిశ్చార్జ్ చేస్తున్నారని సత్యవాణి అమలాపురం వచ్చింది. ఆటో వచ్చేలోపు మా ఇంటికొచ్చింది. అడ్రసు లోవరాజుకి తెలుసు. ఆకుపచ్చ చీర కట్టుకుంది, తల్లో పువ్వులు. మా అమ్మ కోసం ఆత్రేయపురం పూతరేకుల డబ్బా తెచ్చింది. "చేపలు తెద్దామనుకున్నానండి, మీరు తినరు కదా" అని తనే పడీ పడీ నవ్వింది. వరదలో ఎవరి కోడి ఎవరి బియ్యం తిన్నదీ, దానికి మేడ మీద ఎంత రభస జరిగిందీ చెయ్యి తిప్పుతూ చెబుతుంటే, ఈ మనిషిని నేను సినిమాలో ఎక్కడా పట్టుకోలేదే అనిపించింది.

అమ్మ కాఫీ తెచ్చింది. గ్లాసు చేతికిచ్చి, ఆ చెయ్యి వదలకుండా, కళ్లల్లో నీళ్లు పెట్టుకుని, "నువ్వేనా తల్లీ! నీ పాప సంగతి విన్న దగ్గర్నుంచి నాకు నిద్రలేదమ్మా" అంది.

సత్యవాణి మొహంలో నవ్వు అలాగే ఉంది, కాని ఆమె అందులో లేదు. కోడి కథ సగంలో ఆగిపోయింది. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"అమ్మగారు ఎక్కడ చూశారండి?" అని నన్నడిగింది.

"మీ ఊరు రాకముందు. ఇంట్లో ఎడిటింగ్ చేస్తున్నప్పుడు."

"ఇంకెవరెవరు చూశారండి?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. చాలా చిన్నది, తేలిగ్గా వెళ్లిపోయేది.

"ఫెస్టివల్ వాళ్లు లింకులో చూశారు, అది ఇప్పుడు తెరుచుకోదు. భాస్కర్ చూశాడు" అన్నాను. "అతని దగ్గర ఇంకా ఉంది. మెట్ల మీద నువ్వడిగినప్పుడు కూడా ఉంది. నాకు తెలిసే లేదన్నాను."

అమ్మకి ఏమీ అర్థం కాలేదు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. సత్యవాణి గ్లాసు కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను, లేచి వెళ్లిపోతుందనుకున్నాను.

"ఫోన్ చెయ్యండి," అంది. "నా ముందే చెయ్యండి."

స్పీకర్ పెట్టాను. భాస్కర్ హలో కూడా అనకుండా మొదలుపెట్టాడు. "నాలుగు రోజుల్నుంచీ ఏమైపోయావు? చూడు కౌముదీ, సెంటిమెంటు పక్కన పెట్టు. ఆ అమ్మాయి ఏడుపే మన సినిమా. అది తీసేస్తే మిగిలేది చేపలూ నీళ్లూ. పంపేస్తున్నాను, సరేనా?"

నేను నోరు తెరిచేలోపు సత్యవాణి ఫోను వైపు వంగింది.

"నేనేనండి ఆ అమ్మాయిని."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"మీకు దణ్ణం పెడతాను, అది తీసెయ్యండి. నేను చేపలమ్ముకునే మనిషినండి. చేపలూ నీళ్లూ మిగిల్తే నాకు చాలండి."

భాస్కర్ "సరేనమ్మా" అన్నాడు. ఫోన్ పెట్టెయ్యకుండానే కంప్యూటర్ దగ్గరికి వెళ్లాడు. కాసేపటికి, "తీసేశానమ్మా. ఇంకెక్కడా లేదు. ఏమీ అనుకోవద్దు" అన్నాడు. అతని గొంతు అలా ఎప్పుడూ వినలేదు.

వీధిలో ఆటో హారన్ కొడుతోంది. చెప్పులేసుకుంటూ సత్యవాణి వెనక్కి తిరిగింది. నా మీద కోపం ఇంకా ఉంది, దాచుకోలేదు.

"అక్కడ ఖాళీ వచ్చింది కదండీ. ఏం పెడతారు?"

తెలియదన్నాను.

"నీళ్లు తేటపడ్డాక రండి. మళ్లీ తీద్దురుగాని. ఏడవమంటే మాత్రం ఏడవను."

ఆగస్టు 11

ఊటలంక. రేవులో ఒండ్రు పేరుకుపోయి పడవ దించడానికే సగం పొద్దు పట్టింది. భాస్కర్ కూడా వచ్చాడు. సత్యవాణికి ఎదురుపడి నిలబడలేక మైకు తీగలు సర్దుతూనే ఉన్నాడు.

ఆ సీనుకి మాటలేమీ రాయలేదు. సత్యవాణి తెడ్డు పట్టుకుంది. రెండో పడవ మీద కెమెరాతో నేను, ఇంజిన్ దగ్గర వీరన్న గారు. మొదటిసారి ఆయన పడవని మరీ దగ్గరికి తెచ్చేశాడు.

"అంత దగ్గరికి రాకండి, అల కొడుతుంది," అని సత్యవాణి అరిచింది.

"సరేనమ్మా," అని ఆయన ఇంజిన్ తగ్గించాడు.

వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం నేను వినడం ఇదే మొదటిసారి. అంతకన్నా ఏమీ జరగలేదు. ఆమె ప్రవాహానికి ఎదురుగా పడవ తిప్పింది, వల వేసింది, లాగింది, పెద్దగా ఏమీ పడలేదు, మళ్లీ వేసింది.

ఆగస్టు 14

కొత్త సీనుతో పంపాను.

సెప్టెంబర్ 6

ఫెస్టివల్ నుంచి జవాబు. మొదట పంపిన దానిలోని ప్రధానమైన బలం ఈ ప్రతిలో కనపడలేదట. క్షమించమన్నారు. గది తలుపేసుకుని ఏడ్చాను. ఎవరి కోసమో కాదు, నా కోసమే.

సెప్టెంబర్ 14

ఊటలంకలో మళ్లీ సినిమా వేశాం. అదే మేడ, అదే దుప్పటి. కింద గోడల మీద నీళ్లు నిలిచిన గుర్తు ఇంకా ఆరలేదు. ఫెస్టివల్ వాళ్లు తీసుకోలేదని చెబితే, "పోతే పోయిందిలెండి, ముందు వెయ్యండి" అన్నారు. పెద్దింట్లమ్మ గారు కుర్చీ తెప్పించుకుని అందరికన్నా ముందు కూర్చుంది. వీరన్న గారు వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. సత్యవాణి లోవరాజుని పక్కకి జరిపి నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఒళ్లో ఉడికించిన వేరుశనక్కాయలు.

ఆ చోటు వచ్చింది. తెర మీద నీళ్లు, పడవ, ఆమె. మాటల్లేవు.

నాకు మాత్రం ఉన్నాయి. ఎన్నిసార్లు ఎడిటింగ్‌లో విన్నానో, ఒక్క అక్షరం పొల్లుపోకుండా నాలుగు నిమిషాలూ లోపల నడిచాయి. భాస్కర్ తీసేశాడు, నేను తీసేశాను. నా తలలోంచి తీసేసేది ఎవరు? నాకు తెలియకుండానే పెదాలు కదులుతున్నాయి. పక్కకి చూస్తే సత్యవాణి నన్నే చూస్తోంది. ఏ మాట దగ్గరున్నానో కూడా ఆమెకి తెలుసు.

నా చెయ్యి తీసుకుని అందులో గుప్పెడు వేరుశనక్కాయలు పోసింది. గడ్డంతో తెర వైపు చూపించింది.

"ఇటు చూడండి, కౌముది గారండి," అంది. "ఎదురు నీళ్లలో పడవ ఎలా తిప్పుతున్నానో చూడండి."